ఆకుపచ్చ చుక్క

ప్రేమకు కుదురు లేదు. ఈ మాట ఆమె మొహం మీదే వందసార్లు అన్నాను కాబట్టి నలుగురిలో చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. హోసూరు మూకండపల్లిలో ఫ్యాక్టరీ పనివాళ్ళు అద్దెకుండే గదుల వరుస చివర నా టిఫిన్ అంగడి, ఆమె రిపేరు అంగడి గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఆ గోడ ఒంటి ఇటుకది. ఇవతల నేను దోసె తిప్పితే అవతల ఆమెకు వినపడుతుంది. అవతల ఆమె స్క్రూడ్రైవర్ కింద పడేస్తే ఇవతల నేను తిడతాను. నాలుగేళ్ళుగా మా ఇరుగుపొరుగు ఇలాగే సాగుతోంది.

ఒకచోట కూర్చుని తినదు. ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకుని రెండు అంగళ్ళ మధ్య తిరుగుతూ తింటుంది. పోసిన టీ పోసినట్టే చల్లారిపోతుంది. కాసేపు కూర్చుంటే భూమి కుంగుతుందా అని నేను అడిగితే నవ్వేసి మళ్ళీ తిరుగుతుంది. ఇంత కదిలే మనిషి తొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పని చేసిందంటే ఎవరూ నమ్మరు. గోడ మీది సర్టిఫికెట్ చూసేదాకా నేనూ నమ్మలేదు.

ఆమెది తళి దాటాక అడివి అంచున ఉన్న చిన్న ఊరు. వాళ్ళ నాయన గొర్రెలు మేపేవాడు, రెండెకరాల మెట్టలో రాగులు పండించేవాడు. ప్రేమ పద్దెనిమిదో ఏట హోసూరు వచ్చి, టీవీలకూ పాటల పెట్టెలకూ లోపలి బోర్డులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. ఏ ఫ్యాక్టరీ అని నేను చెప్పను, అది ఇప్పుడు ఇక్కడ లేదు కూడా. అందులో ఈమె పని జిగురు పెట్టడం. బోర్డు మీద కెపాసిటర్లని చిన్న డబ్బాల్లాంటివి సన్నటి కాళ్ళ మీద నిలబడి ఉంటాయి. పాటకు పెట్టె అదిరినప్పుడు ఆ కాళ్ళు విరగకుండా వాటి మొదట్లో పసుపు రంగు జిగురు వేయాలి. వేశాక, వేసింది నేనే అన్న గుర్తుగా పక్కన సిరాతో చుక్క పెట్టాలి. ఆ పనిలో ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ మూడు రంగులు. ఆకుపచ్చ ప్రేమది.

తక్కిన ఇద్దరూ మిరపగింజంత వేస్తే ఈమె చింతగింజంత వేసేదట. అదిరే బల్ల మీద పెట్టి పరీక్షించినప్పుడు ఆకుపచ్చ చుక్క బోర్డు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని సూపర్‌వైజరు మెచ్చుకొని, లైను మొత్తం చప్పట్లు కొడుతుండగా సర్టిఫికెట్ ఇప్పించాడు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి దేవుడి పటం పక్కన తగిలించుకుంది. రోజూ పొద్దున ఒకే అగరొత్తి రెండింటికీ తిప్పుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఫ్యాక్టరీ ఆ లైనును వేరే ఊరికి ఎత్తుకెళ్ళినప్పుడు ప్రేమ వెళ్ళలేదు. అప్పటికే ఆదివారాలు గురుమూర్తి అనే ముసలి రేడియో మెకానిక్ దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఆయనకు చూపు మసకబారాక ఆయన కరెంటు కొలిచే ముల్లు మీటరూ ఇనుప కుర్చీ తెచ్చుకుని ఇక్కడ అంగడి తెరిచింది. ఆడమనిషి ఆంప్లిఫయర్ ఏం బాగుచేస్తుందని మొదట్లో జనం నా అంగట్లోనే టీ తాగుతూ నవ్వారు. నవ్వినవాళ్ళే ఇప్పుడు మోసుకొస్తున్నారు.

పోయిన మార్గశిరంలో పాపన్న వచ్చాడు. ప్రేమ వాళ్ళ ఊరికి పక్క ఊరు. అరవై దాటిన రైతు, తాతల నాటి భూమిని ఇప్పటికీ తానే దున్నుకునే మనిషి. తళి బస్సులో ఒక నల్ల పెట్టెను మేకపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సబ్‌వూఫర్. పాటలో లావు గొంతు మాత్రమే పలికే పెట్టె, ఆంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ కింద టీవీ కోసం కొన్నదట. ఈ వయసులో పాటల పిచ్చేమిటని నేను అడిగాను. ఆయన నవ్వలేదు.

సంగతేమిటంటే, ఏనుగులు. రాగి కంకి గింజ పట్టే వేళకు అడివిలోంచి అవి దిగుతాయి. ఆ చలి నెలల్లో అటు వైపు రైతులకు రాత్రిపూట చేనే ఇల్లు. టపాకాయల చప్పుడుకు ఏనుగులు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. పాపన్న కొత్త ఉపాయం పట్టాడు. పులి గుర్రు సెల్‌ఫోన్‌లో ఎక్కించుకుని, ఫోనును వైరుతో ఈ పెట్టెకు తగిలించి, మోటారు షెడ్డు కరెంటు మీద రాత్రంతా మోగించాడు. ఏనుగులు పులికి భయపడతాయా అంటే నాకు తెలియదు, నేను రెండింటినీ దగ్గరగా చూడలేదు. కానీ ఎడమ చేను తొక్కాయట, కుడి చేను తొక్కాయట, పాపన్న గట్టు దగ్గరికి వచ్చి నిలబడి వెనక్కి పోయాయట. ఐదు రాత్రులు అలా గడిచాయి. ఆరో రాత్రి పెట్టె చచ్చింది. బంధువుల ఇంటి నుంచి చిన్న పెట్టె ఒకటి తెచ్చి చూశాడు, అందులో పులి పిల్లిలాగా అరిచింది.

"పెట్టె మోగకపోతే నేను లైటు పట్టుకోని ఆడికి పోవల్ల," అన్నాడు పాపన్న. "పోయినేడు మా పక్క చేనాయన అట్లే పోయినాడు. చీకట్లో పరిగెత్తి గుంతలో పడినాడు. ఇంకా మంచం మీదనే ఉండాడు."

కోతకు అప్పటికి ఇరవై రోజులుంది. ఇరవై రోజులు మోగితే చాలని ప్రేమ చేతిలో పెట్టె పెట్టాడు.

పెట్టె వెనక రేకు విప్పిన ఐదు నిమిషాలకు ప్రేమ నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా చేతికి పిండి. ఆ చేత్తోనే నన్ను లాక్కెళ్ళింది. బోర్డు మూల వేలు పెట్టి చూపించింది. ఆకుపచ్చ చుక్క.

"నా చెయ్యి అక్కా ఇది," అంది. "చూడు, ఇన్నేండ్లయినా ఒక్క కాలు కదల్లేదు."

పాపన్నకూ చూపించింది. బయట ఆటో ఆపిన వాడికీ చూపించింది. నేను వంగి చూశాను. చుక్క పక్కన జిగురు ముదురు బెల్లం పాకం గడ్డకట్టినట్టుంది. పసుపన్నావు కదా అని అడిగాను. ఏళ్ళు గడిస్తే రంగు మారదా అక్కా, నీ జుట్టు మారలేదా అంది. అందుకని నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసుకోకుండా ఉండాల్సింది.

లోపల కాలింది రెండు ట్రాన్సిస్టర్లు. చప్పుడును బయటికి నెట్టేవి ఆ రెండేనట. మాను కోసే పెద్ద రంపాన్ని ఇద్దరు చెరో పక్క పట్టుకున్నట్టని ప్రేమ నాకు చెప్పింది. ఒకరు లాగేటప్పుడు ఇంకొకరు వదలాలి. ఇద్దరూ ఒక్కసారే లాగితే రంపం విరుగుతుంది. ఇక్కడ రెండూ ఒక్కసారే లాగి కాలిపోయాయి. కొత్తవి వేసింది. కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక బల్బు పెట్టి చూసింది. లోపల తప్పుంటే ఆ బల్బు భగ్గున వెలుగుతుంది. అది ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయింది. సాయంత్రం దాకా పులిని మోగించింది. నా దగ్గర దోసె తినేవాళ్ళు పులి పక్కన కూర్చున్నట్టే తిన్నారు.

పాపన్నకూ ఆమెకూ ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున ఆరుకు ఆయన ఫోను చేస్తాడు. ఒక్క మోగు మోగి ఆగిపోతే పెట్టె బతికినట్టు. ఆగకుండా మోగితే చచ్చినట్టు. మాట్లాడే పని లేదు.

రెండు పొద్దులు ఒక్క మోగుతో ఆగింది. మూడో పొద్దున మోగుతూనే ఉంది. పల్చటి గోడ కదా, ఇవతల నాకూ వినపడింది.

పెట్టె మళ్ళీ బస్సులో వచ్చింది. మళ్ళీ ఆ రెండే. వేసిన ట్రాన్సిస్టర్లు నకిలీవేమో అనుకుని ప్రేమ బెంగళూరు దాకా పోయి అసలువి వెతికి తెచ్చింది. వాటిని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లు మార్చింది, కాలిన వాసన వేసే రెసిస్టర్లు మార్చింది, వేడి దిగే రేకు కింద కొత్త మైకా ముక్కలు పెట్టింది. అన్నీ అయ్యాక, పాత జిగురు మీద కొత్త జిగురు ఇంకో చింతగింజంత వేసింది, గట్టిగా ఉండాలని. మొదటి పొద్దున ఒక్క మోగు. రెండో పొద్దున మోగుతూనే ఉంది.

మూడోసారి చేను దగ్గర వోల్టేజి మీద అనుమానం పడింది. పాపన్న స్టెబిలైజర్ కొన్నాడు. ఈసారి ఒక్క రాత్రి కూడా పూర్తిగా గడవలేదు.

ఆ పది రోజులు ప్రేమ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తిరగడం ఆమెకు మామూలే గానీ, ఈ తిరగడంలో నవ్వు లేదు. వేరేవాళ్ళ మిక్సర్లూ టీవీలూ బల్ల కింద పేరుకుపోయాయి. వాళ్ళు వచ్చి అడిగితే రేపంటుంది. మొగుడు ఆనంద్ వ్యాన్ నడుపుతాడు, నెమ్మదైన మనిషి. నీ చేత కాదని చెప్పేయి, తప్పేముంది అన్నాడట. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చి, చల్లారిన టీ పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

"చేత కాదని చెప్పొచ్చు అక్కా. చెప్తే ఆయన లైటు పట్టుకోని పోతాడు. బాగయిందని చెప్పి మూడుసార్లు పంపించినాను. మూడుసార్లూ నా మాట నమ్మి ఆడ పండుకున్నాడు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ పెట్టె మీద. పగలంతా పక్కన మోగుతుంది, రాత్రి అక్కడికి పోయి చస్తుంది. మనిషైతే రెండు తగిలించేదాన్ని.

మర్నాడు మొదటి బస్సుకు పెట్టెతో లక్ష్మక్క దిగింది. పాపన్న భార్య. రాత్రంతా మేలుకున్న మొగుణ్ణి ఇంట్లో పడుకోబెట్టి తానే మోసుకొచ్చింది. బండ మనిషి, నాలుగు ఇడ్లీలు నిమ్మళంగా తినింది. తింటూనే, చట్నీలో ఉప్పు చాలదని నాకు చెప్పింది. ఆ తర్వాత ప్రేమ వైపు తిరిగి, మొన్న రాత్రి చేనులో పల్లం వైపు ముక్క, కింది చెక్క మొత్తం ఏనుగులు తినేశాయని చెప్పింది. పాపన్న రేకు డబ్బా కొట్టుకుంటూ వాటికి ఎదురు పోయాడట. ఒకటి ఆయన వైపు నాలుగడుగులు వేసిందట.

"ఈసారి చస్తే మళ్ళా పోతాడు. నా మాట వినేది లేదు," అంది. చెయ్యి కడుక్కుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, "అదేందో పాపా, ఎప్పుడూ తెల్లారుజామునే పోతాది. మంచు దిగి కంబళి తడిసినాక. అంతకుముందు ఎంతసేపు అరిచినా బాగానే ఉంటాది," అని కూడా అంది.

కొడవళ్ళు కొనాలి, మూడింటికి వస్తాను, రాత్రికి పెట్టె చేన్లో ఉండాలి అని చెప్పి బజారుకు వెళ్ళిపోయింది.

ప్రేమ నిలబడిపోయింది. నేను ఇడ్లీ పాత్ర మూత తీశాను, ఆవిరి లేచింది. ఆమె ఆ ఆవిరి వైపు చూసింది. మా ఇద్దరి మధ్య గోడ వైపు చూసింది. నా పొయ్యి వేడికి ఆ గోడ పొద్దస్తమానం వెచ్చగా ఉంటుంది, ఆమె బల్ల దానికే ఆనుకుని ఉంటుంది. మూడుసార్లు బాగుచేసిన పెట్టె మూడుసార్లూ ఆ వెచ్చటి బల్ల మీదే బాగుంది.

పోయి బోర్డు ఊడదీసి తెచ్చింది. తినే వస్తువుల దగ్గర ఆ చెత్త ఏమిటని నేను కేకలేశాను. వినలేదు. ఇడ్లీ ఆవిరి మీద బోర్డును కాసేపు పట్టుకుంది, మసక పట్టేదాకా. తర్వాత మీటరు తీగల చివరి ముళ్ళు రెండూ పట్టుకుని ఒక్కొక్క చోట ఆనించి చూడడం మొదలుపెట్టింది. ఇక్కడ సరి. అక్కడ సరి. మధ్యమధ్యలో మళ్ళీ ఆవిరి. నా రెండో వాయి ఇడ్లీలు అలా పాడయ్యాయి. గంట గడిచింది. అంతటా చూసింది, ఒక్క చోట తప్ప.

ఊరికే ఉండలేని నోరు నాది. "ఆ బెల్లం గడ్డను మాత్రం ముట్టుకోవేమే?" అన్నాను.

జిగురులో కరెంటు పారదంది. పారదని ఎవరు చెప్పారన్నాను. ఫ్యాక్టరీలో మొదటి రోజే చెప్పారంది. మొదటి రోజు ఆ జిగురు పసుపుగా ఉందిగా అన్నాను. ప్రేమ నా వైపు చిరాగ్గా చూసి, నా నోరు మూయించడానికే, రెండు ముళ్ళూ తీసి, పైన వేసిన కొత్త జిగురు దాటి, అడుగునున్న ఆ గోధుమ రంగు గడ్డలో గుచ్చింది.

మీటరు మీది ముల్లు కదిలింది. నేను కూడా చూశాను. మెల్లగా లేచి, సగం దాకా పోయి నిలబడింది.

తీసింది. తన ట్యూబులోంచి కొత్త జిగురు ఒక అట్ట మీద వేసి, ఆరబెట్టి, దానికీ ఆవిరి పట్టి, అందులో గుచ్చింది. ముల్లు కదల్లేదు. మళ్ళీ పాతదానిలో గుచ్చింది. లేచింది. నాలుగుసార్లు అలా చేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది, బెంగళూరుతో సహా.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది గానీ, అప్పుడు కాదు. ఆ జిగురు కొత్తలో మంచిదే. ఏళ్ళ తరబడి పెట్టె వేడికి మాడి మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది. తిరిగాక మంచు తగిలితే తేమ పీలుస్తుంది. తేమ పీలిస్తే ఒక కాలి కరెంటును మెల్లగా పక్క కాలికి దాటిస్తుంది. పోకూడని చోటికి కొంచెం కొంచెం పోయిన ఆ కరెంటే ట్రాన్సిస్టర్లు రెండింటినీ ఒకేసారి లాగమంటుంది. మిరపగింజంత వేసి ఉంటే పక్క కాలి దాకా చేరేది కాదేమో. చింతగింజంత వేసింది కాబట్టి చేరింది.

అప్పుడు మాత్రం నా అంగట్లో ముక్కాలి పీట మీద కూర్చుంది. నాలుగేళ్ళలో ప్రేమ అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు. నాకు భయమేసింది.

"నా చెయ్యే అక్కా," అంది చివరికి.

నేను ఎగతాళి చెయ్యలేదు. నీకేం తెలుసమ్మా, పెట్టమన్నారు పెట్టావు అన్నాను. ఆమె వినలేదనుకుంటాను. లేచి పోయి పనిలో దిగింది.

జిగురును వెదురు పుల్లతో గీకింది, స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో కడిగింది, మళ్ళీ గీకింది. అడుగున కాళ్ళు పచ్చగా చిలుము పట్టి తినేసి ఉన్నాయి. వాటిని మార్చింది. ట్రాన్సిస్టర్లు నాలుగోసారి వేసింది. అదురుకు డబ్బాలు కదలకుండా ఈసారి జిగురు వేయలేదు, మల్లెపూలు కట్టే నైలాన్ దారం నా దగ్గర తీసుకుని వాటి నడుములకు చుట్టి బోర్డుకు ముడి వేసింది. బల్బు పెట్టి చూసింది. ఆవిరి పట్టి, తుడవకుండానే పులిని మోగించింది. మూడు కావస్తుండగా లక్ష్మక్క కొడవళ్ళ కట్టతో వచ్చింది. ప్రేమ పెట్టెను ఆమె నెత్తికెత్తింది. తప్పు తనదని చెప్పడానికి నోరు తెరవడం నేను చూశాను. బస్సుకు టైమైందని లక్ష్మక్క కదిలిపోయింది, తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

మర్నాడు పొద్దున ప్రేమ అగరొత్తి వెలిగించింది. దేవుడికి తిప్పింది, సర్టిఫికెట్ దగ్గర ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆరు దాటింది, ఫోను మోగలేదు.

ఒక్క మోగూ లేదు, ఆగకుండా మోగడమూ లేదు. ఆరున్నర. తానే చేసింది. అవతల మోగుతుంది, ఎవరూ ఎత్తరు. మళ్ళీ చేసింది. ఏడు. ఏడున్నర. పెట్టె చచ్చిందా, మనిషి లైటు పట్టుకుని పోయాడా, ఏనుగు ఈసారి ఎన్ని అడుగులు వేసింది, ఇవన్నీ నాకే తోస్తున్నాయంటే ఆమెకెన్ని తోచి ఉంటాయి. చెప్పులు సరిగా తొడుక్కోకుండా బస్‌స్టాండుకు బయల్దేరింది. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. అరబిందె పిండి మిగిలిపోయింది, పులిసిపోతుందని తిట్టుకుంటూనే తాళం వేసి వెంట నడిచాను.

బస్సులో ఆమె కూర్చోలేదు. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడింది. కిటికీ బయట గులాబీ తోటల ప్లాస్టిక్ కప్పులు తెల్లగా పోతున్నాయి, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పదిసార్లు ఫోను చేసింది. తళిలో దిగి ఇంకో బస్సు, అది దిగి మట్టిబాట. ఆమె ముందు పరిగెత్తుతోంది, నా మోకాళ్ళు నన్ను శపిస్తున్నాయి. చేను కనపడక ముందు ఏదో గుర్రుమంది. నేను ఆగిపోయాను. పట్టపగలు, ఎండలో, పులి.

ప్రేమ కూడా ఆగింది. ఫోను తీసి మళ్ళీ నొక్కింది.

గుర్రు ఆగిపోయింది. దాని బదులు చేను వైపు నుంచి ఫోను మోగుతున్న చప్పుడు వచ్చింది, బావిలోంచి ఎవరో తట్టినట్టు లావుగా, నేల అదిరేలా. పాపన్న ఫోను రాత్రి తగిలించిన వైరుకు ఇంకా తగిలే ఉంది. పొద్దుటి నుంచి ఈమె చేసిన పిలుపులన్నీ ఆ పెట్టెలోనే మోగాయి.

ప్రేమ ఫోను ఆపింది. పులి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె అక్కడే, బాట మీదే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఏడ్చింది.

మంచె మీద పాపన్న కంబళి ముసుగు తన్ని నిద్రపోతున్నాడు. పక్కన పులి అరుస్తోంది, ఫోను మోగింది, మేము వచ్చాము, ఆయన కదల్లేదు. గురక మాత్రం వినపడింది. కింద లక్ష్మక్క సంగటి గిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి నోటి మీద వేలు పెట్టింది.

"పది దినాలైంది ఆయన నిద్దరపోయి," అంది. "లేపొద్దండి. ఆ పులిని కూడా ఆపలేదు, ఫోనూ ముట్టుకోలేదు నేను. ఆపితే లేస్తాడేమోనని."

రాగి చేను ఎత్తు మీద నిండుగా నిలబడి ఉంది. కింది చెక్క మాత్రం తొక్కిన చోట అణిగి, మట్టిలో గుండ్రటి గుంతలు. ప్రేమ ఆ గుంతల వైపు చూస్తూ, ఇక ఆపుకోలేక, మొత్తం చెప్పేసింది. ఆకుపచ్చ చుక్క, జిగురు, చింతగింజ, మొదటి రోజు తాను మురిసిపోవడం.

"మూడుసార్లు పెట్టెను చంపింది నేనే అత్తా. ఆ కింది చెక్క పోయింది నా చేతివల్లనే. రోజుకు నాలుగునూర్ల బోర్డులకు అట్ల పెట్టినాను. తొమ్మిదేండ్లు. అవన్నీ యాడ యాడ ఉండాయో."

 ఓదార్చే రకం కాదు లక్ష్మక్క. కింది చెక్క వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"మా మామ కాలంలో అదంతా అడివే. ఏనుగులు నడిచే దోవ. మేము కొట్టి, దున్ని, రాగులు చల్లినాము. మంచి పనే చేస్తా ఉండామని అనుకొన్నాము, ఊరంతా మెచ్చుకొన్నారు కూడా." గిన్నె మూత సర్దింది. "ఇప్పుడేం చేస్తాము. కాపలా కాస్తా ఉండాము."

పాపన్న లేచే దాకా మేము ఉండలేదు. కోత అయ్యేదాకా, ఇంకో తొమ్మిది రాత్రులు, ఆ పెట్టె ఒక్కసారి కూడా చావలేదు. పొద్దున ఆరుకు ఒక్క మోగు, అంతే. కానీ అది తర్వాతి మాట.

ఆ రోజు తళి బస్‌స్టాండుకు తిరిగి వచ్చేసరికి పదకొండు దాటింది. హోసూరు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి చూశాను, ప్రేమ లేదు. టీ అంగడి ముందు నిలబడి ఉంది. అక్కడ బల్ల మీద పాత పాటల పెట్టె ఒకటి భక్తి పాట వినిపిస్తోంది, మధ్యమధ్యలో బరబరమంటోంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అంగడాయన్ను అడుగుతోంది. చలికాలం వచ్చిందంటే ఇంతేనమ్మా అంటున్నాడాయన. అప్పటికే ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

బస్సు పోతుందని నేను అరిచాను. నా పిండి, నా అంగడి, నా మోకాళ్ళు అన్నీ చెప్పాను. ఆమె వెనక రేకు విప్పి లోపలికి వంగింది. నేను కూడా పోయి వంగి చూశాను, కోపం కొద్దీ. కెపాసిటర్ల మొదట్లో గోధుమ రంగు గడ్డ. పక్కన చుక్క ఉంది. నీలం రంగుది.

"నీది కాదు కదా, పదవే," అన్నాను.

అంగడాయన్ను పుల్ల ఒకటి ఇమ్మని అడిగి, ప్రేమ స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చుని గీకడం మొదలుపెట్టింది. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సుకు ముప్పావుగంట పట్టింది, అంతసేపూ ఆమె ఆ స్టూలు మీంచి లేవలేదు.